కడప–గన్నవరం: 23 నిమిషాలా, గంటా పదా?

పెన్నా_ఒడ్డు: కడప ఎయిర్‌పోర్ట్ నుంచి గన్నవరానికి 312 కిలోమీటర్లు, 23 నిమిషాలు అని ఒక సైట్ చూపిస్తాంది. ఇంకోచోట దూరం 168 అంటాడు. టికెట్‌లో మాత్రం గంటా పది. అమ్మానాయన్ను పంపాల, ఏది నమ్మాల?

ఏటీఆర్72: టికెట్‌ది నమ్ము అన్నా. 312 అనేది రెండు రన్‌వేల మధ్య గీత గీస్తే వచ్చే దూరం. 168 కూడా అదే, విమానాలకు వాడే నాటికల్ మైళ్ళల్లో. 1.852తో గుణిస్తే కిలోమీటర్లలో సరిపోతుంది. మామూలు మైళ్ళనుకొని 1.6తో గుణిస్తే 270 వచ్చి లెక్క తప్పుతుంది.

23 నిమిషాలు ఎట్లొచ్చిందంటే, 312ని గంటకు 800తో భాగించినాడు. అది జెట్ వేగం. ఈ రూట్లో వేసేది ఏటీఆర్ 72, రెక్కల ఫ్యాన్ల విమానం, పైన గంటకు 500 దగ్గర పోతుంది. అప్పుడే 37 నిమిషాలు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ వేగం ఉండదు, రన్‌వే దిక్కుకు తిరిగి వరసలోకి రావాల, ఇంకో పది పన్నెండు కలుపు. టికెట్ టైము చక్రాలు కదిలిన కాడ్నుంచి మళ్ళీ నిలబడేదాకా లెక్క. చిన్న ఎయిర్‌పోర్టుల్లో రన్‌వే చివరికి పోను పక్కన వేరే దారి (టాక్సీవే) చాలాసార్లు ఉండదు కాబట్టి రన్‌వే మీదే చివరిదాకా పోయి వెనక్కి తిప్పుకోవాల. మిగిలింది ఆలస్యానికి పెట్టుకున్న జాగా. అందుకే ఒక్కోసారి పది నిమిషాలు ముందే దించుతారు.

ఓర్వకల్లు_రాయి: ఎదురుగాలి సంగతి కూడా అడుగుతారు చాలామంది. గంటకు 30 కిలోమీటర్ల ఎదురుగాలి ఉన్నా ఈ దూరానికి పెరిగేది రెండు మూడు నిమిషాలే. దాని గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

పెన్నా_ఒడ్డు: మరి జెట్టే వేయొచ్చు గదా?

ఏటీఆర్72: కడప రన్‌వే సుమారు 2000 మీటర్లు. మే ఎండకు గాలి పలచబడి విమానానికి ఎక్కువ పరుగు కావాల. ఏటీఆర్‌కు ఇబ్బంది లేదు. నిండా జనంతో 180 సీట్ల జెట్ అయితే బరువు తగ్గించుకోవాల్సి వస్తుంది. పైగా ఇంత దగ్గరికి జెట్ పైకి ఎక్కేలోపే దిగాల, ఏటీఆర్ కంటే ఆదా అయ్యే టైము పది నిమిషాలు కూడా ఉండదు. 78 సీట్లు నింపడమే కష్టం, 180 ఎవరు నింపుతారు?

ఓర్వకల్లు_రాయి: పెద్దోళ్ళని పంపుతున్నారు కాబట్టి చెప్తున్నా. ఏటీఆర్‌కు ఎక్కే తలుపు వెనకవైపు. సీటు నంబరు పెద్దదైతే తలుపుకు దగ్గర, లోపల నడక తక్కువ. మోకాళ్ళ నొప్పులుంటే వెనక సీట్లే తీసుకోండి. నేల మీద నడిచిపోయి మెట్లెక్కాల, వీల్‌చైర్ కావాలంటే బుకింగ్‌లోనే అడగండి. తలపైన అర చిన్నది, గట్టి సూట్‌కేసు పట్టదు. మెత్తటి సంచిలో ఏడు కిలోల లోపు సర్దండి. ఆవకాయ జాడీ చేతిలో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గరే ఆపేస్తారు, చెక్‌ఇన్ లగేజీలో వేయండి. కౌంటర్ గంట ముందే మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు.

ఇంటి కాడ్నుంచి విజయవాడ బెంజి సర్కిల్ దాకా మొత్తం నాలుగు గంటలు వేసుకోండి. రోడ్డు మీద 350 పైమాటే, బస్సుకైతే ఒక రాత్రి పోతుంది.

పెన్నా_ఒడ్డు: బాగుంది. మరి కడప నుంచి ఓర్వకల్లుకు, అదే కర్నూలు ఎయిర్‌పోర్టుకు, విమానమేస్తేనో?

ఓర్వకల్లు_రాయి: గీత గీస్తే 150 కిలోమీటర్లు. మీరు చెక్‌ఇన్ చేసి కూర్చునేలోపు కారు ఆళ్ళగడ్డ దాటుంటాది.