చేతి పనిముట్లకు చిన్న చెక్కపెట్టె: ఏ కర్ర వాడాలి, మూలలు ఎలా కలపాలి?

ప్రశ్న (కొత్తచేయి, కాకినాడ)

నమస్కారం. ఇంటికి కావలసిన చిన్నచిన్న కొయ్యపనులు స్వయంగా చేసుకోవడం ఈ మధ్యనే మొదలుపెట్టాను. మూడు ఉలులు, తొమ్మిదిన్నర అంగుళాల ఇనుప చిత్రిక, 12 అంగుళాల పలకతో వీపున ఇనుప పట్టీ ఉన్న చిన్న రంపం, 22 అంగుళాల పెద్ద చేతిరంపం, మూలమట్టం, సుత్తి, కొయ్యసుత్తి, సానరాయి సమకూరాయి గాని, అవన్నీ ప్రస్తుతం ఒక గోనెసంచిలోనే ఉన్నాయి. వీటికి మూత ఉన్న చిన్న పెట్టె చేయాలని ఉంది. పడగొట్టిన పాత ఇంటి టేకు పలకలు కొన్ని చవకగా దొరుకుతున్నాయి. అడితిలో మామిడి చెక్క కూడా ఉంది. ప్లైవుడ్ అయితే సులువని కొందరు అంటున్నారు. వీటిలో దేనిని ఎంచుకోవాలి? డోవ్‌టెయిల్ అతుకు (పావురం తోక ఆకారంలో కోసిన పళ్ళు ఒకదానిలో ఒకటి ఇమిడేది) కోయడం నాకు ఇంకా చేతకాదు, దానికి బదులు మూలలు ఎలా కలపాలి? మాది సముద్రానికి దగ్గరి ఊరు కనుక తుప్పు సంగతి కూడా దయచేసి చెప్పగలరు.

సమాధానం (చేవకర్ర)

కర్ర కంటే ముందు కొలత తేల్చుకోండి. పెట్టె పొడవును నిర్ణయించేది అందులో పట్టవలసిన అతి పొడవైన పనిముట్టు. మీ పెద్ద రంపం పిడితో కలిపి రెండడుగులు దాటుతుంది. దానిని లోపల పెట్టాలనుకుంటే, మిగిలినవన్నీ పెట్టెలో అటూ ఇటూ దొర్లడానికి మీరే చోటు కల్పించినట్లవుతుంది. ఆ ఒక్క రంపాన్ని పళ్ళకు తొడుగు వేసి గోడకు తగిలించండి. అప్పుడు బయటి కొలతలు 20 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు ఉంటే సరిపోతుంది. అర అంగుళం మందం గల టేకుతో ఈ పెట్టె ఖాళీగా సుమారు నాలుగున్నర కిలోలు తూగుతుంది, ముప్పావు అంగుళం పలకలు వాడితే ఆరు కిలోలు దాటుతుంది. మొదటి పెట్టె చేసే ప్రతివారూ బలం కోసమని మందం పెంచుతారు, తరువాత దానిని మోయలేక ఒక మూలన పడేస్తారు.

దొరికితే పాత టేకునే తీసుకోండి. ఏళ్ళ తరబడి ఆరిన కర్ర గనుక ఇక పెద్దగా వంగదు. చిత్రిక పట్టేముందు అయస్కాంతంతో పలకంతా వెతికి, లోపల విరిగిపోయిన మేకులను తీసివేయడం మాత్రం మరచిపోవద్దు. ఒక్క మేకు తగిలినా చిత్రిక అంచు పోతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, కాబట్టి అతికించే ముఖాలను అప్పటికప్పుడు కొత్తగా చిత్రిక పట్టి, థిన్నర్‌తో తుడిచిన తరువాతే ఫెవికాల్ రాయాలి. మామిడి పనికి సులువే గాని పురుగు పడుతుంది, తేమకు మచ్చలు వస్తాయి; మీ ఊరికి దానిని నేను సిఫారసు చేయను. ప్లైవుడ్‌ను అడుగుకు మాత్రమే వాడండి.

సమాధానం (అడితి వీధి)

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తాను. మాది వడ్రంగం చేసే కుటుంబం. మూలల విషయంలో నా అభిప్రాయం ఇది. డోవ్‌టెయిల్ రాదని పెట్టె పని వాయిదా వేసుకోనక్కరలేదు. జపాన్ వడ్రంగులు తరతరాలుగా వాడిన పనిముట్ల పెట్టెలు ఎక్కువగా మేకులతో బిగించినవే, వాటికి బందులు కూడా ఉండవు. అయితే రెండు పలకలను ఊరికే ఆనించి ఫెవికాల్‌తో అతికించడం పనికిరాదు, ఎందుకంటే అడ్డంగా కోసిన ముఖం జిగురును లోపలికి పీల్చేసుకుంటుంది, అతుకులో మిగిలేది తక్కువ. పొడవు పలకల రెండు చివరలా లోపలివైపు పావు అంగుళం లోతున మెట్టు కోసి, ఆ మెట్టులో అడ్డపలకను కూర్చోబెట్టండి. మీ చిన్న రంపం, ఉలి, మూలమట్టం ఈ పనికి చాలు. మెట్టు వల్ల అతుక్కునే చోటు పెరుగుతుంది, మూల దానంతటదే తొంభై డిగ్రీలకు నిలబడుతుంది. జిగురు రాసి బిగించి, ఎదురు మూలల మధ్య దూరాలు రెండూ సమానంగా ఉన్నాయో లేదో కొలిచి చూసి, ఆ తరువాత ఒక్కొక్క మూలకు మూడు నాలుగు మేకులు, ఒకటి కుడికి వాలుగా, ఒకటి ఎడమకు వాలుగా దిగగొట్టండి. ముందు సన్నని బెజ్జం వేయకపోతే అర అంగుళం టేకు చీలుతుంది.

సముద్రపు గాలికి ఇనుప మేకులు తుప్పు పట్టి, చుట్టూ నల్లని మరక దిగుతుంది. ఖర్చు కొంచెం ఎక్కువైనా ఇత్తడి స్క్రూలు మేలు. ఇత్తడి మెత్తన గనుక, ముందు అదే కొలత ఇనుప స్క్రూను బిగించి తీసి, దారి ఏర్పడిన తరువాత ఇత్తడిది పెట్టాలి, లేకపోతే తల విరిగి లోపలే ఉండిపోతుంది.

అడుగుకు 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సరైనదే. దానిని కింద నుంచి మేకులతో కొట్టవద్దు, బరువంతా ఆ మేకుల మీద పడి కొన్నాళ్ళకు ఊడివస్తుంది. నాలుగు పలకల లోపలివైపు అడుగున చిన్న గాడి తీసి, పెట్టెను బిగించేటప్పుడే అందులోకి జొప్పించండి. ప్లైవుడ్ తేమకు పొడవు వెడల్పులలో దాదాపు పెరగదు కాబట్టి గాడిలో జిగురు కూడా రాయవచ్చు. టేకు పలకనే అడుగుగా వేస్తే మాత్రం జిగురు లేకుండా, వెడల్పు వైపు కొంచెం ఖాళీతో వదలాలి.

సమాధానం (పదును)

తుప్పు గురించి చెబుతాను. పెట్టెలో తుప్పుకు కారణం చాలాసార్లు గాలి కాదు, మనమే. నీటితో తడిసిన సానరాయిని తెచ్చి ఉలుల పక్కన పెట్టి మూత మూస్తే ఆ తేమ పోయే దారి ఉండదు. సానరాయికి పెట్టెలో స్థానమే ఇవ్వవద్దు. ముఖమల్ గుడ్డ, స్పాంజి పరచడం చూడడానికి బాగుంటుంది గాని, అవి తేమను పట్టి ఉంచుతాయి. వాడిన ప్రతిసారీ చేతి చెమటను తుడిచి, కుట్టుమిషను నూనె పలుచగా పూయండి. వంటనూనెలు వద్దు, కొన్నాళ్ళకు జిగటగా మారి దుమ్మును పట్టుకుంటాయి. పెట్టె అడుగున రెండు చివరలా అర అంగుళం పట్టీలు కొడితే కింద గాలి ఆడుతుంది, వానాకాలపు నేల చెమ్మ పైకి ఎక్కదు, చెదలు పట్టినా తొందరగా కంటపడతాయి.

ఉలులను విడిగా పడేయకండి. వెనుక పలకకు లోపల, బెజ్జాలు వేసిన ఒక పట్టీని బిగించి పెట్టె ఎత్తు చాలితే వాటిలో పిడి పైకి ఉండేలా నిలబెట్టండి. చిత్రికను పక్కకు వాల్చి పెడితే దాని అంచు దేనికీ తగలదు.

మళ్ళీ ప్రశ్న (కొత్తచేయి)

అందరికీ కృతజ్ఞతలు. టేకు, మెట్టు అతుకు, ఇత్తడి స్క్రూలు అని నిర్ణయించుకున్నాను. మూతకు 10 అంగుళాల వెడల్పు గల ఒకే పలక దొరికింది. అది వంగిపోకుండా ఏం చేయాలి? పిడి మూత మీద ఒకటి పెడితే చాలునా?

సమాధానం (అడితి వీధి)

అంత వెడల్పు పలక ఎండాకాలానికీ వానాకాలానికీ మధ్య సుమారు రెండు మిల్లీమీటర్లు పెరిగి తరుగుతుంది. నారకు అడ్డంగా లోపలివైపు రెండు పట్టీలు వేయండి, కాని జిగురు రాయవద్దు. ఒక్కొక్క పట్టీకి మూడు స్క్రూలు చాలు: నడిమిది గట్టిగా బిగించి, అటూ ఇటూ ఉన్న రెండింటికి పట్టీలో బెజ్జాలను పట్టీ పొడవునా కొంచెం సాగదీసి కోస్తే పలక కదులుతుంది గాని చీలదు. పట్టీల చివరలు పెట్టె గోడలకు తగలకుండా పావు అంగుళం లోపలికే ఆపండి.

పిడి మూత మీద వద్దు. పనిముట్లతో కలిపి బరువు పది కిలోల దాకా వస్తుంది, ఆ భారమంతా బందుల స్క్రూల మీదా గొళ్ళెం మీదా పడుతుంది. రెండు అడ్డపలకలకూ బయట, నాలుగు వేళ్ళు కింద పట్టేలా అంగుళం మందం గల కొయ్యపట్టీ ఒక్కొక్కటి పెట్టి, లోపలి నుంచి స్క్రూలు బిగించండి. మూతను బందులతో బిగించకముందే ఈ పని ముగిస్తే స్క్రూడ్రైవర్ తిప్పడానికి చోటు ఉంటుంది.