స్టిల్ తర్వాత కామా ఉందా, లేదా?

అరసున్న:
మూడు రోజులుగా ఒక పాదం నన్ను వదలడం లేదు. గ్రీకు కలశాన్ని సంబోధిస్తూ ఆంగ్ల కవి కీట్స్ రాసిన ఓడ్ అనే స్తుతికవితలో మొదటి పాదం. "దౌ స్టిల్ అన్‌రావిష్ట్ బ్రైడ్ ఆఫ్..." ఆ తర్వాత సైలెన్సా, క్వైయట్‌నెస్సా? సరే, అది పుస్తకం తీస్తే తేలిపోతుంది. దౌ అంటే నువ్వు, అన్‌రావిష్ట్ బ్రైడ్ అంటే కన్నెవధువు. తేలనిది స్టిల్. తెలుగు చేద్దామని కూర్చుంటే కలం అక్కడే ఆగిపోయింది. "ఇంకా కన్నెగానే ఉన్న" అనాలా, "కదలక మెదలక ఉన్న" అనాలా? నాకు స్టిల్ తర్వాత ఒక కామా చూసినట్టు గుర్తు. ఇప్పుడు నా దగ్గరున్న పుస్తకంలో అది లేదు.

శకటరేఫ:
క్వైయట్‌నెస్. సైలెన్స్ రెండో పాదంలో వస్తుంది, "ఫాస్టర్ చైల్డ్ ఆఫ్ సైలెన్స్ అండ్ స్లో టైమ్". మీ గుర్తు తప్పు కాదండీ. 1820లో ఆనల్స్ ఆఫ్ ది ఫైన్ ఆర్ట్స్ పత్రికలో ఈ కవిత మొదట అచ్చయినప్పుడు ఆ కామా ఉంది. అదే ఏడాది కీట్స్ కవితల పుస్తకం లామియా సంపుటంలోకి వచ్చేసరికి పోయింది. కామా ఉంటే స్టిల్ విశేషణం, నిశ్చలంగా ఉన్న వధువు. లేకపోతే అది అన్‌రావిష్ట్‌కు తగులుకుని "ఇంకా" అవుతుంది. తర్వాతి పాఠానికే నా ఓటు. ఇంకా.

వట్రసుడి:
మాస్టారూ, "ఇంకా" అనగానే ఒక గడువు వినిపిస్తుంది. "ఇంకా పెళ్లి కాలేదు" అంటే రేపో మాపో అవుతుందనే. ఆ కలశం మీద బొమ్మలకు రేపే లేదు కదా! ప్రియుడు ముద్దుకు బెత్తెడు దూరంలో ఆగిపోయాడు. చెట్లు ఆకు రాల్చలేవు. అలాంటి లోకంలోకి మొదటి పాదంలోనే గడువు తెచ్చి పెడితే ఎలా?

శకటరేఫ:
గడువు ఉందనే నేనూ అంటున్నాను. బొమ్మలకు లేదు, కలశానికి ఉంది. అది మట్టిదో రాతిదో, ఎప్పుడో ఒకప్పుడు పగిలేదే. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా చెక్కుచెదరలేదే అన్న ఆశ్చర్యం ఆ స్టిల్‌లో ఉంది. అది తీసేస్తే పాదం చప్పబడుతుంది.

పొల్లు:
మూడో అర్థాన్ని ఇద్దరూ వదిలేశారు. ఎల్లప్పుడూ. షేక్‌స్పియర్ నాటకం టెంపెస్ట్‌లో "స్టిల్ వెక్స్‌డ్ బెర్మూథ్స్" ఉంది చూడండి, ఎప్పుడూ అల్లకల్లోలంగా ఉండే బెర్ముడా అని. అక్కడ "కదలని" అని చదివితే తుఫాను చచ్చిపోతుంది. ఆయనదే హామ్లెట్‌లో రాజు తన మంత్రి పొలోనియస్‌తో "దౌ స్టిల్ హాస్ట్ బీన్ ది ఫాదర్ ఆఫ్ గుడ్ న్యూస్" అంటాడు. అంటే నువ్వెప్పుడూ శుభవార్తే తెస్తావని. అక్కడా దౌ స్టిల్, ఇక్కడా దౌ స్టిల్. కీట్స్‌కు షేక్‌స్పియర్ అంటే ప్రాణం. నా లెక్కలో ఆమె నిత్యకన్య.

ఆ మాట నడిచిన దారే అది. మొదట కదలకుండా. కదలనిది మారదు కాబట్టి ఎప్పుడూ. నిన్నా ఇవాళా మారలేదు కాబట్టి ఇంకా. ఏం జరిగినా మారలేదు కాబట్టి అయినా.

గుడిదీర్ఘం:
అర్థాల సంఖ్య చూస్తే రన్ ముందు ఏదీ నిలవదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు దాని క్రియారూపానికే 645 అర్థాలు తేల్చారు. స్టిల్ విషయానికొస్తే సినిమా స్టిల్స్ ఉన్నాయి, స్టిల్ ఇవ్వడం ఉంది, సారా బట్టీని కూడా స్టిల్ అంటారు. "స్టిల్ వాటర్స్ రన్ డీప్"కి మనకు నిండుకుండ తొణకదు ఉండనే ఉంది.

పొల్లు:
బట్టీది వేరే పుట్టుకండీ, చుక్క అనే లాటిన్ మాట నుంచి వచ్చింది, డిస్టిల్‌లో తోక ముక్క. 645 పెద్ద అంకే, కాదనను. కానీ రన్‌లో ఎన్ని అర్థాలున్నా సందర్భం చూడగానే ఏదో ఒకటి తేలిపోతుంది. ఇక్కడ ఒకే చోట మూడు నిలబడి ఏదీ పక్కకు తప్పుకోవడం లేదు.

వట్రసుడి:
కీట్స్ "బ్రైట్ స్టార్" సానెట్, ఆ పద్నాలుగు పాదాల కవిత, గుర్తు చేసుకోకుండా ఉండలేకపోతున్నాను. ముందు "స్టిల్ స్టెడ్‌ఫాస్ట్, స్టిల్ అన్‌చేంజబుల్" అంటాడు, స్థిరంగా, మారకుండా అని. చివరికొచ్చేసరికి "స్టిల్, స్టిల్ టు హియర్ హర్ టెండర్ టేకెన్ బ్రెత్". గట్టిగా చదివి చూడండి. మొదటి స్టిల్ దగ్గర "ష్, కదలకు" అన్నట్టుగా మన ఊపిరి కూడా ఆగుతుంది. రెండో స్టిల్‌లో ఆమె ఊపిరి ఎప్పటికీ వింటూనే ఉండాలన్న కోరిక. మధ్యలో ఒక్క కామా. ఇన్నేళ్లుగా చదువుతున్నా అక్కడికి రాగానే గొంతు పట్టుకుంటుంది.

అరసున్న:
అందుకే అడిగానమ్మా. ఆగిపోవడం, కొనసాగడం రెండూ మోసే ఒక్క తెలుగు మాట కావాలి నాకు.

పొల్లు:
ఊరక. "బీ స్టిల్ అండ్ నో దట్ ఐ యామ్ గాడ్"ని తెలుగు బైబిల్ "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అంది. అది కదలకపోవడం. "పాప ఊరికే ఏడుస్తోంది" అంటే మాటిమాటికీ. అది ఎడతెగకపోవడం. స్టిల్ నడిచిన దారిలోనే మన మాటా నడిచింది.

శకటరేఫ:
ఆగండి. పాప ఊరికే ఏడుస్తోందంటే కారణం లేకుండా అని. మాటిమాటికీ అన్నది మన చెవి చేర్చుకున్నది. పోతన దగ్గరికి రండి. "ఊరక రారు మహాత్ములు" అని నందుడు గర్గుడితో అంటాడు. కారణం లేకుండా రారని. వాళ్ల రాక "కారణము మంగళములకు" అని ఆ పద్యంలోనే ఉంది. ఊరకకు ఎదురుగా కారణాన్ని నిలబెట్టాడు మహానుభావుడు.

వట్రసుడి:
ఎంత చక్కటి పద్యం! "వా రధముల యిండ్లకడకు" అని వినగానే చాలామంది పిల్లలకు రథాలే కనబడతాయి. వారు, అధముల అని విడగొట్టి చెప్పాకే నందుడి వినయం తెలుస్తుంది. కీట్స్ పాదంలో కామా చేసే పని ఇక్కడ విరుపు చేస్తోంది.

పొల్లు:
మాస్టారూ, "అప్పు కోసం ఊరికే ఫోన్ చేస్తున్నాడు" అంటాం. కారణం ఎదురుగానే ఉంది, అప్పు. ఇక అక్కడ ఊరికే అంటే మాటిమాటికీ కాక ఏమిటి?

శకటరేఫ:
ఆ వాక్యం ఒప్పుకుంటాను. కానీ అది ఊరికే, ఊరక కాదు. "అప్పు కోసం ఊరక ఫోన్ చేస్తున్నాడు" అని ఎవరంటారు? ఆ ఏత్వం, అంటే చివరి ఏ, చేరాకే మాటిమాటికీ అన్న అర్థం వచ్చింది. కదలకపోవడం ఊరకలో, ఎడతెగకపోవడం ఊరికేలో. రెండూ ఒక్క రూపంలో లేవు.

అరసున్న:
"ఊరక నిలిచిన కన్నెవధువా, మౌనాన్ని పెళ్లాడినదానా" అని రాసుకున్నాను. చెవికి బాగుందా?

శకటరేఫ:
"ఊరక నిలిచిన" అంటే పనీపాటా లేక నిలబడిందని చదువుతారు. "ఇంకా" దగ్గరికే రండి.

వట్రసుడి:
"నిలిచిన" ఒక్కటే చాలదా? నిలవడమంటే ఆగడమూ ఉంది, చెడకుండా మిగలడమూ ఉంది.

పొల్లు:
అది కూడా చూద్దాం. ముందు ఆ ఏత్వం సంగతి. ఈ రాత్రి పోతన భాగవతంలో దశమస్కంధం తీసి ఊరక, ఊరికే వచ్చిన చోట్లు దొరికినన్ని రాసుకుంటాను. ఏత్వం లేని ఊరకకు మాటిమాటికీ అన్న అర్థం ఒక్కచోట కుదిరినా ఇక్కడ పెడతాను, మాస్టారూ.