మొజాయిక్ ప్లాట్‌లో కాలమ్ వెడల్పులు సమానం చేయొచ్చా? (ఆర్, టైటానిక్ డేటా)

స్టాట్స్_పీజీ:
అందరికీ నమస్కారం. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే టైటానిక్ ఓడ పట్టిక తీసుకుని తరగతి (మూడు తరగతులు, సిబ్బంది), స్త్రీ పురుషుల వారీగా 8 కాలమ్‌ల మొజాయిక్ ప్లాట్ వేశాను. ఇందులో కాలమ్ వెడల్పు అందులోని మనుషుల సంఖ్యను బట్టి వస్తుంది. ఒక్కో కాలమ్‌లో కింద చనిపోయినవాళ్లు, పైన బతికినవాళ్లు. మగ సిబ్బంది 862 మంది కాబట్టి ఆ కాలమ్ గోడలా వచ్చింది. సిబ్బందిలో ఆడవాళ్లు 23 మందే. 16 సెంటీమీటర్ల బొమ్మలో వాళ్లకు దక్కింది 1.7 మిల్లీమీటర్లు. లేబుల్ పక్క కాలమ్ మీదకి ఎక్కేసింది. అన్నిటికీ 2 సెంటీమీటర్ల చొప్పున ఇచ్చేయొచ్చా? ఎల్లుండి గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

గోదారి_గణాంకం:
వద్దు. మొజాయిక్‌లో వెడల్పే డేటా. 862కీ 23కీ ఒకే వెడల్పు ఇస్తే అది మొజాయిక్ కాదు, రంగులేసిన పట్టిక. హార్టిగన్, క్లైనర్ అనే గణాంకవేత్తలు 1981లో ఈ బొమ్మను ప్రతిపాదించినప్పటి నుంచీ దీని ప్రాణమంతా గడి వైశాల్యంలోనే ఉంది. మీ ఇబ్బంది లేబుల్‌తో అయితే లేబుల్‌ని సరిచేయండి. బొమ్మ గీసే కమాండ్‌లో 'లాస్' విలువ 2 పెడితే కాలమ్ లేబుళ్ల అక్షరాలు నిలువుగా తిరుగుతాయి. 'ఆఫ్' పెంచితే గడుల మధ్య ఎడం వస్తుంది.

పాత_మెంబర్:
టైటానిక్‌లో 2,224 మంది అని చదివాను. మీ పట్టిక మొత్తం 2,201 వస్తోంది. ముందు అది చూసుకోండి.

స్టాట్స్_పీజీ:
ఆర్‌లో ఉన్నది బ్రిటిష్ బోర్డ్ ఆఫ్ ట్రేడ్ విచారణ నివేదిక లెక్కండి. అందులో 2,201.

మన్యం_లెక్కలు:
తమ్ముడూ, సమానంగా వేసెయ్. ఆ 23 మందిలో 20 మంది బతికారు, అంటే 87 శాతం. మూడో తరగతి ఆడవాళ్లు 196 మందిలో 90 మందే బతికారు. సిబ్బందిని మొత్తంగా చూస్తే 24 శాతమే కదా, లోపల ఇంత తేడా ఉందని ఆ సన్న గీతలో ఎవరికి కనబడుతుంది? ఆర్‌లో బొమ్మలు గీసే జీజీప్లాట్ ప్యాకేజీలో జియోమ్ టైల్ వాడు, గడులన్నీ వాటంతట అవే సమానంగా వస్తాయి.

గోదారి_గణాంకం:
కనబడకపోవడమే అక్కడ నిజం అండీ. మొత్తంలో వాళ్లు 1 శాతం. దాన్ని ఎనిమిదో వంతుగా చూపిస్తే చూసేవాడిని మోసం చేసినట్టే.

మన్యం_లెక్కలు:
మోసం అనే మాట వెనక్కి తీసుకోండి. గడిలో 23 అని అంకె రాస్తాం కదా, ఇక దాచిందేముంది?

గోదారి_గణాంకం:
అంకె ఎవరూ చదవరు. కంటికి ముందు రంగే తగులుతుంది.

చిన్నా_డేటా:
కనీసం 5 మిల్లీమీటర్లు ఇచ్చి మిగతావి నిష్పత్తిలో వేస్తే సరిపోదా?

గోదారి_గణాంకం:
అప్పుడు అది అటూ కాదు, ఇటూ కాదు. ఏ కాలమ్‌ని సాగదీశారో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

మన్యం_లెక్కలు:
మీరు పుస్తకం పట్టుకుని మాట్లాడుతున్నారు సార్. నా అనుభవం చెప్తాను. ఒక రివ్యూ మీటింగ్‌లో జ్వరాల లెక్క మండలాల వారీగా స్క్రీన్ మీద వేశారు. వెడల్పు జనాభాను బట్టి. మైదానం మండలాలు నిండుగా ఉన్నాయి. మా మండలం కుడివైపు చివర ఒక గీత. పూర్తిగా ఎర్ర గీత. పక్కన కూర్చున్నాయన దాన్ని బొమ్మ అంచు అనుకున్నాడు. గంటసేపు మీటింగ్ జరిగితే మా మండలం పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఆ గీతలో మా అమ్మ ఉంది. జ్వరంతో పది రోజులు మంచం మీద. మీ వైశాల్యం సరిగ్గానే ఉంది సార్, దాంతో మాకు ఒరిగిందేమిటి?

పాత_మెంబర్:
ఇద్దరూ కాస్త శాంతించండి.

గోదారి_గణాంకం:
అమ్మగారి సంగతి విన్నాక జవాబు రాయడానికి చేతులు రాలేదు. నేనూ పుస్తకం చూసి మాట్లాడట్లేదు. ఆరేళ్ల కిందట మీరు చెప్పినట్టే సమాన గడులతో ఒక బొమ్మ వేశాను. ఒక సబ్‌సెంటర్ గడి ముదురు ఎరుపు వచ్చింది. అక్కడ ఉన్నవి మూడు కేసులు, వాటిలో రెండు చెడిపోయాయి. 67 శాతం. పక్క గడిలో 400కి 120, అది లేత రంగు. అంకెలు రాశాను, పెద్దగానే రాశాను. ఎవరూ చూడలేదు. ఆ సబ్‌సెంటర్ ఏఎన్ఎమ్‌కి మెమో ఇచ్చారు. మూడులో రెండంటే లెక్క కాదు, ఆ నెల అలా జరిగింది అంతే. ఆ మెమోకి కారణం నా బొమ్మ. అప్పటి నుంచి చిన్న గడికి పెద్ద చోటు ఇవ్వాలంటే నాకు భయం.

మన్యం_లెక్కలు:
ఇది మొదటే చెప్పాల్సింది సార్. మీ భయం చిన్న గడిని చూసి ఎవరినో శిక్షిస్తారని. నా బాధ అసలు చూడరని.

గోదారి_గణాంకం:
అవును. అయితే గడి సమానంగా ఉండనివ్వండి, 10 మంది లోపు ఉంటే మాత్రం రంగు వేయకండి.

మన్యం_లెక్కలు:
తెల్లగా వదిలేస్తే మా ఊళ్లు మళ్లీ మాయం. దానికి ఒప్పుకోను.

గోదారి_గణాంకం:
తెల్లగా వద్దు. బూడిద రంగు వేసి, '3లో 2' అని గడి నిండా రాయండి. శాతం రాయకండి.

మన్యం_లెక్కలు:
శాతం తీసేయడానికి ఒప్పుకుంటాను. 10 అనే హద్దు దగ్గర మాత్రం ఒప్పుకోను. మా గూడేల్లో సగం 10 లోపే.

స్టాట్స్_పీజీ:
నా పట్టికలో అతి చిన్నది 23 కాబట్టి ఆ హద్దు నాకు అడ్డు రాలేదు. పైన అసలు వెడల్పులతో మొజాయిక్, కింద సమాన గడులతో ఇంకొకటి, రెండూ ఒకే పేజీలో పెట్టాను. కింది దాంట్లో '23లో 20' అని రాశాను. లేబుల్ ఇప్పుడు పక్క కాలమ్‌కి తగలట్లేదు.