అప్‌డేట్: రోబో చేయి వణుకు ఆగింది

నాలుగు ఎంజీ996ఆర్ సర్వోలు (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటార్లు) ఉన్న రోబో చేయి కిట్‌లో, భుజం కదలగానే దాన్ని నడిపే ఆర్డుయినో ఊనో బోర్డు రీసెట్ అవుతోందని, మిగిలిన సర్వోలు వణుకుతున్నాయని ఇంతకుముందు అడిగాను. కోడ్ జోలికి పోకుండా ముందు పవర్ చూడమన్నవారి మాటే నిజమైంది.

సర్వోలన్నింటికీ బోర్డులోని 5 వోల్టుల పిన్ నుంచే కరెంటు ఇమ్మని కిట్‌తో వచ్చిన కాగితంలో ఉంది. ఊనోకు యూఎస్‌బీ వైపు ఉన్న ఫ్యూజు 500 మిల్లీ ఆంపియర్లది. ఈ సర్వో ఒక్కటే బిగుసుకుపోయినప్పుడు సుమారు 2.5 ఆంపియర్లు లాగుతుంది. ఆ కాగితం రాసినవారు చేయిని ఒక్కసారైనా నడిపి చూశారా అన్నది నా అనుమానం.

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర దొరికిన 5 వోల్టుల, 10 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్‌ను (కరెంటు సరఫరా పెట్టెను) సర్వోలకు విడిగా ఇచ్చి, దాని గ్రౌండ్‌ను (మైనస్ తీగను) బోర్డు గ్రౌండ్‌తో కలపగానే రీసెట్ ఆగిపోయింది. మోచేయి సర్వో మాత్రం వణుకుతూనే ఉంది. మల్టీమీటర్‌తో చూస్తే ఎస్ఎంపీఎస్ టెర్మినళ్ల వద్ద 5.02 వోల్టులు ఉండగా, బరువెత్తే క్షణంలో సర్వో కనెక్టర్ వద్ద 4.1కి పడిపోతోంది. మధ్యలో ఉన్నవి బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే పలక), సన్నని జంపర్ వైర్లు. వాటిని తీసేసి, లావుపాటి రాగి తీగను నేరుగా సోల్డర్ చేసి, కనెక్టర్ల పక్కనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను (కాస్త కరెంటును నిల్వ ఉంచుకుని అవసరమైన క్షణంలో ఇచ్చేది) ప్లస్, మైనస్ సరిచూసి పెట్టిన తర్వాత వణుకు పోయింది.

ఇక మిగిలింది, వస్తువును పట్టుకుని ఉన్నంతసేపూ వేడెక్కుతున్న గ్రిప్పర్ (పట్టుకునే కొస) సర్వో. దాని మూసే కోణాన్ని కోడ్‌లో కొద్దికొద్దిగా తగ్గిస్తున్నాను.