అప్‌డేట్: ఎగ్ ఫ్రీజింగ్ చేయించుకున్నాను

వయసు 34, ఏఎంహెచ్ (అండాశయాల్లో ఎన్ని గుడ్లు మిగిలాయో సూచించే హార్మోన్) తక్కువ, పెళ్లి ఆలోచన ఇప్పట్లో లేదు, ఎగ్స్ ఫ్రీజ్ చేయించుకోవచ్చా, అంటే తర్వాత పిల్లల కోసం నా అండాలు (గుడ్లు) తీయించి గడ్డకట్టించి దాచుకోవచ్చా అని అడిగాను కదా. చేయించేసుకున్నా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఏఎంహెచ్ గుడ్ల సంఖ్యకే అంచనా, నాణ్యతకు వయసే ముఖ్యమని మీలో ఒకరన్నారు, డాక్టరూ అదే చెప్పారు.

గుడ్లు ఎక్కువగా పెరగడానికి వేసుకునే హార్మోన్ ఇంజెక్షన్లకు తెగ భయపడ్డాను గానీ, పొట్ట మీద చర్మం పట్టుకుని ఆ సన్నటి సూది గుచ్చుకోవడం తొందరగానే అలవాటైంది. అసలు ఇబ్బంది ఉబ్బరం. ప్యాంటు బొత్తాం పడితే ఒట్టు! గుడ్లు పక్వమయ్యేలా చేసే ఆఖరి ట్రిగ్గర్ ఇంజెక్షన్ మాత్రం గడియారం చూసి వేసుకోవాలి, సుమారు 36 గంటల తర్వాత గుడ్లు తీస్తారు కాబట్టి. తీసేటప్పుడు మత్తిచ్చారు, ఏమీ తెలియలేదు.

తీసినవన్నీ దాచరు, పక్వమైనవే దాస్తారు. అలా నా లెక్క తగ్గింది, ఆ సాయంత్రం దిగులేసింది. ఇప్పుడవి మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ఉన్నాయి. కరిగించాక అన్నీ బతకవు, బిడ్డ పుడుతుందన్న గ్యారంటీ లేదు. డాక్టర్ మొహమాటపడకుండా ఆ మాట చెప్పడం నాకు నచ్చింది.

వెళ్లేవాళ్లు ఏటా కట్టే స్టోరేజీ ఫీజు సంగతి ముందే అడగండి. ఇంకోటి, ఒప్పుకోలు ఫారంలో 'మీరు చనిపోతే గుడ్లేం చేయాలి' అని ఉంటుంది. దానికి మాత్రం నేను సిద్ధమై వెళ్లలేదు.