జర్నీ బ్యాండ్ ‘డోంట్ స్టాప్ బిలీవిన్’ పాడాలి, శ్రుతి ఎంత దించమంటారు?

నమస్తే అండి. మేం డెట్రాయిట్ దగ్గర ఉంటాం. వచ్చే నెల మా అక్క కూతురి గ్రాడ్యుయేషన్ పార్టీ. “మావయ్యా, ఆ పాట నువ్వే పాడాలి” అంది, కాదనలేకపోయాను. 1981 నాటి పాట, తను పుట్టకముందెప్పుడో వచ్చింది. కానీ 2007లో ‘ది సోప్రానోస్’ టీవీ సీరియల్ ఆఖరి సీన్‌లో, 2009లో ‘గ్లీ’ సీరియల్‌లో వాడాక ఈ తరం పిల్లలకీ సొంతమైపోయింది. ఇక్కడ హాకీ మ్యాచ్‌లో ఈ పాటలోని “సౌత్ డెట్రాయిట్” అన్న మాట జనమంతా కలిసి అరుస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. నిజానికి ఆ పేరుతో ఇక్కడ ఊరే లేదు, డౌన్‌టౌన్ నుంచి దక్షిణంగా నది దాటితే వచ్చేది కెనడాలోని విండ్సర్!

పాట అసలు శ్రుతి ‘ఇ’ (E) మేజర్. అది పాడిన స్టీవ్ పెర్రీ గొంతు ఎక్కడికో వెళ్తుంది, నాకు అందదు. కీబోర్డ్‌లో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి డి మేజర్‌లో పాడితే చివర్లో గొంతు పగులుతోంది, సి మేజర్‌కి దించితే మొదటి చరణం మరీ కిందికి పోయి మాటలు వినబడట్లేదు. ఏం చేయాలి?

ఇంకో టెన్షన్ ఏంటంటే, నాలుగు నిమిషాల పాటలో పేరున్న ఆ పల్లవి దాదాపు మూడు నిమిషాల ఇరవై సెకన్లకి గానీ రాదు, అప్పటిదాకా ఈ పాట తెలియని మన పెద్దవాళ్లు కూర్చుంటారా? మధ్యలో కత్తిరించడం నాకు ఇష్టం లేదు, ఆ ఎదురుచూపులోనే పాట ప్రాణం ఉంది. స్టేజీ మీద పాడినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, ప్లీజ్.