జీపు మీద సీబీ రేడియో: కడ్డీని కత్తిరించే ముందు చూడవలసినవి

కావలి నుంచి వచ్చి ఫీనిక్స్‌లో ఉంటున్న సభ్యుని ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. మాది కావలి. ఉద్యోగరీత్యా ఈ ఏడాదే అరిజోనాకు వచ్చాను. 2019 మోడల్ జీప్ రాంగ్లర్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొని, ఆఫీసులో పరిచయమైన వారితో కలిసి సెడోనా వైపు రాళ్ల దారుల్లో తిరగడం మొదలుపెట్టాను. వారి బండ్లన్నింటిలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీబీ (సిటిజన్ బ్యాండ్) రేడియో ఉంది కనుక నేనూ ఒక షాపులో పెట్టించుకున్నాను. యాంటెన్నా నాలుగు అడుగుల ఫైబర్‌గ్లాస్ కడ్డీ. దానిని వెనుక స్పేర్ టైరు పక్కన బ్రాకెట్‌కు బిగించారు. అర మైలు దూరంలో ఉన్న బండి మాట కూడా గరగర మధ్య సరిగా వినపడదు, నా మాట వారికి అసలే అందడం లేదు. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (పంపిన శక్తి యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తున్నదో చూపేది) అరువు తెచ్చి చూస్తే అన్ని ఛానెళ్లలోనూ ముల్లు 3 దాటి ఎర్ర గీతలోకి పోతోంది. కడ్డీని కొంత కత్తిరించమని ఒకరు, ఆంప్లిఫయర్ పెట్టమని మరొకరు చెబుతున్నారు. ఏది చేయమంటారు?

ఒంగోలు నుంచి వచ్చి డెన్వర్‌లో స్థిరపడిన సభ్యుని జవాబు:

తమ్ముడూ, రెండూ చేయవద్దు. సీబీ రేడియోకు ఆంప్లిఫయర్ తగిలించడం ఇక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనలకు విరుద్ధం. పైగా ముల్లు 3 దగ్గర ఉన్నదంటే మీరు పంపే శక్తిలో నాలుగో వంతు యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగి వస్తున్నదని అర్థం. 2 దగ్గర అది సుమారు 11 శాతం, 1.5 దగ్గర కేవలం 4 శాతం. పంపే శక్తిని పెంచితే తిరిగి వచ్చేదీ పెరుగుతుంది. లోపం దొరికేదాకా మైకు బటన్‌ను ఎక్కువసేపు నొక్కి పట్టవద్దు. అలా నొక్కితే సెట్టులోని చివరి ట్రాన్సిస్టరు వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. కడ్డీ కత్తిరింపు మాటకు వస్తే, అన్ని ఛానెళ్లలోనూ ఒకేలా 3 దాటడం సాధారణంగా కడ్డీ పొడవు వల్ల వచ్చే లోపం కాదు. అది బిగింపులోనో, కేబుల్‌లోనో, గ్రౌండులోనో ఉంటుంది.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఇక్కడి సీబీ 26.965 నుంచి 27.405 మెగాహెర్ట్జ్ వరకు 40 ఛానెళ్లలో, ఏఎంలో 4 వాట్ల శక్తితో నడుస్తుంది. దాని తరంగం పొడవు సుమారు 11 మీటర్లు, అందులో నాలుగో వంతు రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల పైచిలుకు. అందుకే పాత కాలపు పూర్తి నిడివి ఉక్కు కడ్డీలు 102 అంగుళాలు ఉండేవి. మీ నాలుగు అడుగుల కడ్డీలో ఆ లోటును తీర్చడానికి ఫైబర్‌గ్లాస్ చుట్టూ తీగ చుట్టి ఉంటారు. అయితే పొట్టిదైనా పొడవుదైనా కడ్డీ యాంటెన్నాలో సగమే. మిగతా సగం బండి లోహం. ఆ రెండో సగం సరిగా కలవకపోతే మొదటి సగాన్ని ఎంత సవరించినా ఫలితం ఉండదు.

ఇక్కడ మన ప్రాంతం నుంచి వచ్చినవారికి ఒక అపోహ కలిగే వీలుంది కనుక విడమరచి చెబుతున్నాను. మన పక్క బోరు మోటారుకు ఎర్తింగు అంటే గుంట తీసి, ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో నీళ్లు పోస్తూ కాపాడుకునేది. రేడియో వారు గ్రౌండ్ అనేది ఆ ఎర్తు కాదు. బండికి, నేలకు మధ్య రబ్బరు టైర్లు ఉన్నా యాంటెన్నా చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే దానికి కావలసినది నేల కాదు, కడ్డీ అడుగు నుంచి తక్కువ దూరంలో, అడ్డంకి లేకుండా కలిసిన విశాలమైన లోహపు రేకు. అందువల్ల బ్రాకెట్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు పొడవాటి సన్నని వైరు లాగి, మల్టీమీటరులో సున్నా చూసి తృప్తి పడినా చాలదు. 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ పొడవాటి వైరు తానే అడ్డంకి అవుతుంది.

ఇక పరీక్ష మొదలుపెట్టండి. రేడియో ఆపి, కేబుల్‌ను రేడియో వెనుక నుంచి విప్పండి. కడ్డీని కూడా బ్రాకెట్ నుంచి విప్పి పక్కన పెట్టండి. కొన్ని యాంటెన్నాల అడుగున ఉండే కాయిల్ మల్టీమీటరుకు షార్టులా కనిపించి తప్పుదోవ పట్టిస్తుంది కనుక కడ్డీ విప్పిన తరువాతే ఈ పరీక్ష చేయాలి. ఇప్పుడు కేబుల్ కనెక్టరు మధ్య సూదికి, బయటి లోహపు గొట్టానికి మధ్య మల్టీమీటరు పెట్టండి. ఏ సంబంధమూ చూపకూడదు. చూపితే షార్టు ఉన్నట్టే, దానికి అన్నింటికంటే తరచుగా కనిపించే కారణం బ్రాకెట్ దగ్గర కడ్డీని బిగించే స్టడ్డు (మర బోల్టు). స్టడ్డును బ్రాకెట్ లోహం నుంచి వేరుగా ఉంచేందుకు ఒక నైలాన్ వాషర్ ఇస్తారు. దాని మెట్టు భాగం బ్రాకెట్ రంధ్రంలో కూర్చోవాలి. దానిని తలకిందులుగా వేసినా, మరిచిపోయినా మీరు చెప్పిన ఎస్‌డబ్ల్యూఆరే వస్తుంది. వాషర్ సరిగా ఉండీ షార్టు పోకపోతే కనెక్టరు టంకంలో ఒక వెంట్రుక తీగ అటూ ఇటూ తగులుతూ ఉండవచ్చు. తరువాత అదే సూది నుంచి బ్రాకెట్ దగ్గరి స్టడ్డుకు సంబంధం ఉందో లేదో చూడండి; అది తప్పక ఉండాలి.

అటుపైన బ్రాకెట్‌కు, బ్యాటరీ నెగెటివ్‌కు మధ్య కొలవండి. మీటరు తీగలు రెండూ కలిపినప్పుడు వచ్చే అంకెను తీసివేస్తే అర ఓమ్ లోపు రావాలి. మీ రాంగ్లర్ విషయంలో నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. ఆ మోడల్‌లో బానెట్, తలుపులు అల్యూమినియం, పైకప్పు ఫైబర్ లేదా గుడ్డ. వెనుక తలుపు కీళ్ల మీద వేలాడుతూ మిగతా బాడీతో కలుస్తుంది. బ్రాకెట్‌కు పౌడర్ కోటింగ్, తలుపుకు రంగు, బోల్టు అడుగున సెడోనా ఎర్రదుమ్ము ఉంటే కడ్డీకి అందే లోహం దాదాపు బ్రాకెట్ ఒక్కటే అవుతుంది. బోల్టు తగిలే చోట మాత్రమే కోటింగ్ గీకి, పళ్ల వాషర్ వేసి బిగించండి. బ్రాకెట్ నుంచి తలుపుకు, తలుపు నుంచి బాడీకి, వీలైతే ఛాసిస్‌కు, వెడల్పైన తగరపు పూత రాగి అల్లిక పట్టీలు వీలైనంత పొట్టిగా వేయండి. గుండ్రటి వైరు వద్దు. ఈ ఫ్రీక్వెన్సీలో కరెంటు లోహం పై పొరలోనే నడుస్తుంది కనుక వెడల్పే ముఖ్యం. గీకిన చోటికి గాలి తగలకుండా గ్రీజు పూయండి, లేకుంటే తుప్పు పడుతుంది.

కేబుల్ 50 ఓముల కోయాక్స్ (నడుమ తీగ, చుట్టూ లోహపు అల్లిక ఉన్న కేబుల్) అయి ఉండాలి. తలుపు సందులో నలిగిందేమో చూడండి. నలిగిన చోట లోపలి తీగ పక్కకు జరిగి పైకి ఏమీ కనిపించకపోవచ్చు. మిగిలిన కేబుల్‌ను చిన్న గుండ్రటి చుట్టగా కట్టి సీటు కింద కుక్కవద్దు, ఒక అడుగు పొడవున వదులుగా అటూ ఇటూ మడిచి కట్టండి.

మీటరు చూసే పద్ధతి కూడా అంతే ముఖ్యం. గ్యారేజీలో వద్దు. గోడలు, చెట్లు, ఇతర బండ్లు లేని మైదానంలో, తలుపులన్నీ మూసి, మీరు లోపల కూర్చుని, కడ్డీ దగ్గర ఎవరూ నిలబడకుండా కొలవాలి. ముందు మీటరు మీది ‘సెట్’ గీతకు ముల్లును సరిచేసి, తరువాత ఎస్‌డబ్ల్యూఆర్ వైపు తిప్పాలి. ఛానెల్ మార్చినప్పుడల్లా ఇది మళ్లీ చేయాలి. 1, 20, 40 ఛానెళ్ల అంకెలు రాసి పంపండి. ఛానెల్ 9 అత్యవసరాలకు కేటాయించినది కనుక దాని మీద పరీక్షలు చేయవద్దు.

నెల్లూరు నుంచి వచ్చి టూసాన్‌లో ఉంటున్న సభ్యురాలి మాట:

అన్నగారు చెప్పినదానికి ఒకటి కలుపుతున్నాను. మాది టొయోటా టకోమా. దాని వెనుక తొట్టి ఉక్కు కాదు, కాంపోజిట్ పదార్థం. తొట్టి అంచుకు బిగించిన యాంటెన్నా ఎంత గట్టిగా ఉన్నా దానికి గ్రౌండ్ అందదు. అక్కడి నుంచి ఛాసిస్‌కు పట్టీ వేయడం కన్నా బానెట్ పక్కన, ఉక్కు ఫెండర్ దగ్గర బ్రాకెట్ పెట్టుకోవడం మేలని మా అనుభవం. అయస్కాంతం అంటుతుందో లేదో చూస్తే ఉక్కు ఎక్కడుందో క్షణంలో తెలుస్తుంది.

కావలి సభ్యుని రెండో ఉత్తరం:

అన్నా, అక్కా, మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. కడ్డీ విప్పి చూడగా సూదికి, గొట్టానికి మధ్య మీటరు పీప్ అని మోగింది. నైలాన్ వాషర్ తలకిందులుగా ఉంది. సరిచేయగానే షార్టు పోయింది. బ్రాకెట్ నుంచి బ్యాటరీకి 14 ఓములు చూపింది. కోటింగ్ గీకి, రెండు చోట్లా పట్టీలు వేశాక 0.3కు దిగింది. ఖాళీ మైదానంలో ఛానెల్ 1 మీద 2.4, 20 మీద 1.9, 40 మీద 1.5 వచ్చింది. ఇప్పుడైనా కడ్డీని కొంచెం కత్తిరించాలా? ఇంకొక మాట: కందుకూరులో మా బావకు నల్లమల వైపు తిరిగే అలవాటు ఉంది. ఇలాంటి సెట్టే ఒకటి తీసుకెళ్లి ఇవ్వవచ్చా?

డెన్వర్ సభ్యుని జవాబు:

బావగారి సంగతి ముందు తేల్చేద్దాం: తీసుకెళ్లవద్దు. మన దేశంలో లైసెన్సు అక్కరలేని సిటిజన్ బ్యాండ్ 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకే. అదీ 5 వాట్లకు మించని, యాంటెన్నా సెట్టులోనే అమర్చి ఉన్న పరికరాలకే. ఇక్కడి సెట్టులో 28వ ఛానెల్ నుంచి పైవన్నీ ఆ హద్దు దాటిపోతాయి, బండి మీద కడ్డీ అసలే కుదరదు.

ఇక మీ అంకెలు. అవి చాలా మంచి వార్త, ఎందుకంటే ఇప్పుడు కడ్డీ తన మాట తాను చెబుతున్నది. పై ఛానెల్ కన్నా కింది ఛానెల్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ ఎక్కువగా ఉంటే యాంటెన్నా పొట్టిగా ఉన్నట్టు. దీనికి తారుమారుగా 40 మీద ఎక్కువ ఉంటే పొడవుగా ఉన్నట్టు. మీది పొట్టిగా ఉంది. కత్తిరిస్తే ఇంకా చెడిపోయేది. కడ్డీ కొసన సరిచేసే స్క్రూ ఉంటే తాళం నట్టు వదులు చేసి, కొద్దికొద్దిగా పైకి తిప్పుతూ ప్రతిసారీ 1, 40 రెండింటినీ కొలవండి. స్క్రూ చివరికి వచ్చినా చాలకపోతే అడుగున ఉక్కు స్ప్రింగు వేయండి. అది పొడవును కొన్ని అంగుళాలు పెంచుతుంది, రాళ్ల దారిలో కొమ్మలు తగిలినప్పుడు కడ్డీ విరగకుండా కాపాడుతుంది. స్ప్రింగు వేశాక కొలతలన్నీ మళ్లీ తీయాలి. 1, 40 రెండూ సమానమై, 2కు లోపల ఉంటే ఆపేయండి. 1.5ను 1.2 చేయడానికి రోజంతా ఖర్చు పెట్టనవసరం లేదు, అవతలివారికి ఆ తేడా వినపడదు.

దూరం విషయంలో ఆశను కూడా సరిచేసుకోవాలి. కడ్డీ వెనుక మూలన ఉంది కనుక లోహం ఎక్కువగా ఉన్న వైపుకు, అంటే ఎదురు మూల దిక్కుకు బలంగా, వెనక్కి బలహీనంగా పంపుతుంది. నాలుగు అడుగుల కడ్డీలో సగం స్పేర్ టైరు చాటున ఉంటే ఆ మేరకు నష్టమే. తీగ చుట్టు ఎక్కువగా పైభాగంలో ఉన్న కడ్డీ అయి, కనీసం ఆ భాగం పైకప్పును దాటి ఉంటే మైదానంలో ఐదారు కిలోమీటర్లు అందుతుంది. కొండ అడ్డం వస్తే అదీ ఉండదు. మన పెంచలకోన కొండల వంటి మలుపులే సెడోనాలోనూ ఉంటాయి, వాటి చాటున ఎంత మంచి యాంటెన్నా అయినా కొంతవరకే.

గరగర ఇంకా మిగిలి ఉంటే ఇంజన్ ఆపి వినండి. ఆగిందంటే అది బండిలోనిదే. అప్పుడు ఇంజన్ నడుస్తుండగా యాంటెన్నా కేబుల్ విప్పి, మైకు ముట్టకుండా వినండి. కేబుల్ విప్పగానే గరగర పోతే అది యాంటెన్నా ద్వారా వస్తున్నది; ఎల్‌ఈడీ లైట్లు, డ్యాష్‌కామ్, ఫోన్ ఛార్జరు ఒక్కొక్కటిగా ఆపి చూడండి. విప్పినా పోకపోతే కరెంటు వైరు ద్వారా వస్తున్నట్టు. అలాగైతే రేడియో రెండు వైర్లనూ సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీసేసి, ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకి కలపండి.